అన్న వెనక్కి పంపిన దుంగ

మా కోతమిల్లులో నన్ను జాబితా అంటారు. ఎవరికి ఏ కొలతలో ఎంత చెక్క కావాలో చూసి, మర్నాడు రంపం మీద ఏం కోయాలో రాసి పెట్టేవాణ్ణి కాబట్టి ఆ పేరు. నా కథ ఎవరికీ అక్కర్లేదు, నాక్కూడా అక్కర్లేదు. చెప్పదలచుకున్నది సుద్ద గురించి. అదీ మనిషి పేరే. దుంగల దొడ్డిలో తిరుగుతూ, ఏ దుంగ దేనికి పనికొస్తుందో చూసి, దాని మొహం మీద, అంటే కోసిన కొస మీద, సుద్దముక్కతో గుర్తు పెట్టే మనిషి. యాభై నాలుగేళ్ళు, సన్నటి మెడ, జేబుల నిండా సుద్దపొడి. పొద్దున ఏ రంగు చొక్కా వేసుకొచ్చినా మధ్యాహ్నానికి తెల్లచొక్కాతో కనపడేవాడు.

బయటివాళ్ళకి దుంగ అంటే దుంగే. దొడ్డిలో నిలబడితే తెలుస్తుంది, ఏ రెండు దుంగలూ ఒకటి కావని. ముడులూ పగుళ్ళూ లేకుండా, నడిమధ్యన చేవ గట్టిగా ఉన్నదానికి ఒంటిగీత. అది గుమ్మాలకి, తలుపులకి. ముడులున్నా బరువు మోయగలిగినదానికి రెండు గీతలు. అది దూలాలకి, వాసాలకి. వంకరదీ పుచ్చు మొదలైనదీ మూడు గీతలు, పెట్టెల చెక్కకి. ఎందుకూ పనికిరానిదానికి ఇంటూ గుర్తు, తిన్నగా బాయిలరులోకి. ఇవి కాక రంపం మొదటి కోత ఎటునుంచి వేయాలో చెప్పే అడ్డగీత ఒకటి ఉంటుంది. ఆ అడ్డగీత వేలెడు పక్కకి జరిగితే మంచి దుంగ సగం పొట్టయిపోతుంది. నా కాగితానికీ దొడ్డిలో ఉన్న చెట్టుకీ పొంతన కుదిర్చేది ఆ సుద్దముక్కే.

ఆ గీత మీద రంపం నడిపేది సుద్దకి సొంత అన్న. మేం మేస్త్రి అంటాం. దొడ్డికీ రంపానికీ మధ్య నలభై అడుగులుంటాయేమో. ఆ నలభై అడుగుల దూరంలో ఉంటూ అన్నదమ్ములిద్దరూ పదకొండేళ్ళుగా మాట్లాడుకోలేదు. తమ్ముడు గీసేవాడు, దుంగ ట్రాలీ ఎక్కేది, అన్న కోసేవాడు. మేస్త్రి ఒక్కసారైనా ఆ గీత దాటి కోయలేదు, ఒక్క దుంగనీ వెనక్కి పంపలేదు. మొండితనంలో ఇద్దరూ ఇద్దరే అని మిల్లంతా నవ్వుకునేది. నేనూ నవ్వాను, సిగ్గులేకుండా.

మేస్త్రికి అరవై నిండాయి. ఆ వచ్చే శనివారమే అతనికి మిల్లులో ఆఖరి రోజు. వారం మొదట్లో సుద్ద నా గది గుమ్మంలో నిలబడి, చేతులు చొక్కాకి తుడుచుకుంటూ అన్నాడు.

"జాబితా గారూ, శనివారం లోపల అన్నయ్య నాతో ఒక్క మాట మాట్లాడితే చాలండీ. తిట్టినా సరే."

"నువ్వే పలకరించొచ్చు కదయ్యా?"

"నోరు పెగలదండీ. ఆ చెయ్యి చూస్తే."

మేస్త్రి ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు. అవి ఎలా పోయాయో చెప్పాలంటే నా సంగతి కూడా కొంచెం చెప్పక తప్పదు.

పదకొండేళ్ళ కిందట సుద్ద చేతికి సుద్ద కొత్త. అంతకుముందు దుంగలు దొర్లించేవాడు. "మా తమ్ముడి కన్ను చెక్క లోపలికి చూస్తుందండీ" అని యజమానికి చెప్పి ఆ పని ఇప్పించింది మేస్త్రే. అప్పటికి రెండు నెలలైనా కాలేదు. ఆ రోజు గుమ్మాల చెక్క లారీ ఎక్కాలి. నా జాబితా ప్రకారం చూస్తే పన్నెండడుగుల ఒంటిగీత దుంగ ఒకటి తక్కువైంది. అప్పట్లో నాకు జాబితా ముందు, దుంగ తర్వాత. కాగితం మీద నేను రాశానంటే అది దొడ్డిలో ఉండి తీరాలన్నంత పొగరు. వెళ్ళి పదిమంది ముందు కేకలేశాను. "ఉందా లేదా తేల్చు, లేకపోతే నేనే ఏదో ఒకటి ఎక్కిస్తా" అన్నాను. పాపం, మొహం మాడిపోయింది. అటూ ఇటూ చూసి, దగ్గర్లో ఉన్న ఒక దుంగ మీద ఒంటిగీత గీసేశాడు.

ఆ దుంగ మొహం మీద అరచేయంత నల్లటి నీలి మచ్చ ఉంది. చెక్కకి నీలి మచ్చలు రెండు రకాలుగా వస్తాయి. తడికి పట్టిన బూజు మచ్చ అంచున ఉండే తెల్లచెక్కలోనే ఆగిపోతుంది, దానివల్ల ప్రమాదం లేదు. రెండోది ఇనుము దిగితే వచ్చే మచ్చ. చెట్టుగా ఉన్నప్పుడు ఎవడో మేకు కొడతాడు, కంచె తీగ చుడతాడు. చెట్టు ఒళ్ళు చేస్తూ చేస్తూ దాన్ని మింగేస్తుంది. పైకి ఏమీ కనపడదు గానీ ఇనుము చుట్టూ చేవ సిరా ఒలికినట్టు నల్లబడుతుంది. ఆ రోజు మచ్చ ఉన్నది చేవలో. సుద్దకి ఆ తేడా తెలుసు. తెలిసీ బూజేలే అని సర్దిచెప్పుకున్నాడు, ఎందుకంటే నేను నెత్తి మీద నిలబడి ఉన్నాను.

లోపల కంచె తీగ నాలుగు చుట్లు ఉంది. బ్లేడు తెగి లేచింది. మిగతాది చెప్పను.

యజమాని విచారించాడు. మచ్చ ఉన్న దుంగని ఒంటిగీతకి పంపింది సుద్ద కాబట్టి తప్పు సుద్దది అని తేల్చాడు. ఏడాదిపాటు సుద్దముక్క ముట్టుకోనివ్వకుండా పొట్టు ఎత్తే పనిలో వేశారు. కేకలేసిన నన్ను ఎవరూ అడగలేదు, నేనూ నోరు విప్పలేదు. జాబితా రాసే పద్ధతి మాత్రం మార్చుకున్నాను. అప్పట్నుంచి రోజూ సాయంత్రం దొడ్డిలోకి వెళ్ళి, సుద్దముక్క పట్టినవాడు ఏ దుంగలు చూపిస్తే వాటిని చూసి, ఆ తర్వాతే కాగితం మీద కలం పెడతాను. యజమాని కూడా ఇనుము జాడ పట్టే ఒక యంత్రం కొన్నాడు. అది దుంగల మీదకన్నా మేస్త్రి బెల్టు బిళ్ళ మీద ఎక్కువ కూసేది. నెల తిరక్కుండా మూలకి చేరింది.

అన్నదమ్ములది మాత్రం ఏ పద్ధతికీ లొంగలేదు. మేస్త్రి మూడు నెలలకి మళ్ళీ రంపం దగ్గరికి వచ్చాడు. తమ్ముడి వైపు చూడలేదు. తమ్ముడు అప్పటిదాకా అన్నగారింట్లోనే ఉండేవాడు. వదిన పెట్టింది తిని, వదిన పోరితే జుట్టు కత్తిరించుకుని, అన్న పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని తిరిగిన మనిషి. బట్టలు సంచీలో కుక్కుకుని, రంపాలకి పదును పెట్టే కొట్టు మీద గది ఒకటి తీసుకున్నాడు.

ఆ గదికి నేను రెండుమూడు సార్లు వెళ్ళాను. ఒక కిటికీ, ఒక మంచం, నీలం స్టవ్వు, తలుపు వెనక మేకుకి రెండు చొక్కాలు. కింద కొట్లో సాన పట్టే చప్పుడు పగలంతా మోగుతుంది. అది నయమండీ అనేవాడు, ఎవరో ఉన్నట్టుంటుంది. ఆదివారం కొట్టు మూసేస్తారు. ఆ రోజు పొద్దుట్నుంచి రాత్రిదాకా అతను నోరు తెరిచే అవసరమే పడేది కాదు. సోమవారం పొద్దున మిల్లుకొచ్చి మొదటి మాట అన్నప్పుడు గొంతు గీరుకుపోయి వచ్చేది. జలుబేమో అనుకునేవాణ్ణి. వరసగా ఎన్ని సోమవారాలు జలుబు చేస్తుంది మనిషికి? చాలా ఏళ్ళు పట్టింది నాకు అర్థం కావడానికి.

పెళ్ళి మాటెత్తేది వదిన ఒక్కతే. ఆ గడప తొక్కడం మానేశాక ఆ మాట ఎత్తేవాళ్ళే లేకపోయారు. ఎప్పుడన్నా బజార్లో వదిన ఎదురైతే "ఏంటయ్యా మరిదీ, ఇలా చిక్కిపోయావు" అని ఆవిడ, "లేదొదినా, బానే ఉన్నా" అని ఇతను. అంతే. ఆవిడ కొంగు కళ్ళకి అద్దుకుంటూ అటు, ఇతను సంచీ ఊపుకుంటూ ఇటు.

ఆ వారం సుద్ద గుర్తు పెట్టిన దుంగలు చూడాలి. అడ్డగీత కొలబద్ద పెట్టి గీసినట్టుంది. ముడి ఉన్నచోట చుట్టూ గుండ్రంగా చుట్టి "ముడి" అని రాశాడు, పగులు ఉన్నచోట బాణం వేశాడు. మేస్త్రికి అవన్నీ చెప్పాలా? నలభై ఏళ్ళ చెయ్యి. కానీ ఇతని దగ్గరున్న ఉత్తరం అదొక్కటే, దాన్ని వీలైనంత పొడుగ్గా రాస్తున్నాడు. నేనూ కావాలనే మంచి మంచి గుమ్మాల దుంగలన్నీ ఆ వారం జాబితాలోకే తోశాను. ఏదో ఒక దుంగ దగ్గరన్నా అన్న ఆగి, "బాగా చూశావురా" అంటాడేమోనని ఇద్దరికీ ఆశ.

గురువారం మధ్యాహ్నం రంపం ఆగింది.

నేను గది బయటికొచ్చాను. మేస్త్రి ట్రాలీ మీదున్న దుంగ ముందు వంగి నిలబడి ఉన్నాడు. అరచేత్తో సుద్దగీతని తుడిచేశాడు. ట్రాలీ తోసేవాళ్ళతో ఒక్కటే మాట అన్నాడు, "వెనక్కి."

పదకొండేళ్ళలో మొదటిసారి. దొడ్డిలో ఉన్న సుద్ద మొహంలో నెత్తురు చుక్క లేదు. పోయే ముందు అందరి ముందూ పరువు తీసి పోతున్నాడు మేస్త్రి అని ఎవరో గొణిగారు. నాకైతే అరికాలి మంట నెత్తికెక్కింది. కొట్టేవాడు పదకొండేళ్ళ కిందటే కొట్టొచ్చుగా, ఆఖరి వారం దాకా దాచుకుంటాడా అనుకున్నాను.

దుంగ తిరిగొచ్చింది. సుద్ద దాని ముందు గొంతుక్కూర్చుని చూశాడు. ఏమీ లేదు. నాకూ ఏమీ కనపడలేదు. అతను చెంబుడు నీళ్ళు తెచ్చి మొహం మీద చల్లాడు, తడిస్తే మచ్చలు తేలతాయి కాబట్టి. అప్పుడు కనపడింది, చేవ అంచున చిటికెనవేలి గోరంత నీలి చుక్క. చేతిరంపంతో చివర జానెడు కోసి, గొడ్డలితో చీల్చి చూశాం. లోపల తుప్పుపట్టిన మేకు ఉంది, వేలెడు పొడుగుది.

"నేను చూళ్ళేదండీ" అన్నాడు సుద్ద. "కళ్ళు మసకబారుతున్నాయి. నేను చూళ్ళేదు, అన్నయ్య చూశాడు."

"మంచిదేగా. బతికిపోయాం."

అతను నా మాట వినడం లేదు. ఆ మేకుని అరచేతిలో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. తలెత్తి అన్నాడు.

"గోరంత మచ్చని పొడిగా ఉండగానే ట్రాలీ మీద పట్టాడు. అంటే కోసే ముందు ప్రతి దుంగ మొహమూ చూస్తాడన్నమాట. ఎప్పుడూ చూసేవాడే అన్నమాట. మరి ఆ రోజు అరచేయంత మచ్చ కనపడలేదా జాబితా గారూ?"

శుక్రవారం అతను గీతలు మాత్రం గీశాడు, ముడుల దగ్గర ఏమీ రాయలేదు.

శనివారం మిల్లు కూత వేశాక యజమాని నాలుగు మంచి ముక్కలు చెప్పాడు, మేస్త్రి చేతిలో గడియారం పెట్టాడు, అందరూ చప్పట్లు కొట్టి ఇళ్ళకి బయల్దేరారు. మేస్త్రి ఎప్పట్లాగే వెనక కుళాయి దగ్గరికి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. సుద్ద వెళ్ళాడు. నేనూ వెళ్ళాను, పిలవకపోయినా. నాకు అక్కడ పని లేదని తెలుసు, అయినా కాళ్ళు ఆగలేదు.

"అన్నయ్యా" అన్నాడు సుద్ద.

మేస్త్రి కుళాయి కట్టలేదు, వెనక్కి తిరగలేదు.

"ఆ రోజు ఆ మచ్చ నువ్వు చూశావా?"

నీళ్ళు పడుతూనే ఉన్నాయి. మూడు వేళ్ళ చేతిని రెండో చేత్తో రుద్దుకుంటూ, రుద్దుకుంటూ, చివరికి అన్నాడు.

"చూశాను."

"చూసి మరి కోశావేం?"

"గీత గీసింది నువ్వు కదరా. నీకు సుద్ద ఇప్పించి రెండు నెలలు కాలేదు. అందరూ చూస్తుండగా వెనక్కి పంపితే నీ చేతిలో అది ఉండనిస్తారా? బూజేలే అనుకున్నాను. అలా అనుకోవాలని అనుకున్నాను."

"మరి యజమాని అడిగినప్పుడు?"

"కనపడలేదన్నాను." ఇప్పుడు తిరిగాడు. తడి చేతులు తుడుచుకోను కూడా లేదు. "చూశానంటే తప్పు నాదీ అవుతుంది. మంచం మీద ఉన్నాను, భయమేసిందిరా. తర్వాత చెబుదాం అనుకున్నా. ఈలోగా నీకు పొట్టు ఎత్తే పనేశారు. ఇంక ఏ మొహం పెట్టుకుని చెప్పను? నిన్ను చూస్తే నాకు వేళ్ళు గుర్తురావు. ఆ అబద్ధం గుర్తొస్తుంది."

సుద్ద ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. అతనికి కోపం వచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా ఎరుగుదును, ఎవరి మీదా గొంతు లేపని మనిషి.

"పదకొండేళ్ళు!" అని అరిచాడు. "నీ వేళ్ళు పోగొట్టానని నేను ముద్ద దిగక చచ్చాను. ఆదివారాలు ఎలా గడిపానో తెలుసా నీకు? గోడతో మాట్లాడదామన్నా నోరు రాలేదు. ఒక్క మాట అన్నయ్యా. చూశానురా అని ఒక్క మాట!"

మేస్త్రి తల వంచుకున్నాడు. నాకు ఊరుకోవడం చేతకాలేదు. "ఆ రోజు కేకలేసి తొందరపెట్టింది నేను, అసలు తప్పు నాది" అన్నాను. ఇద్దరూ ఒకేసారి నా వైపు చూశారు, మధ్యలో నువ్వెవడివి అన్నట్టు. పదకొండేళ్ళలో వాళ్ళిద్దరూ కలిసి చేసిన మొదటి పని అదే.

మేస్త్రి కుళాయి కట్టేసి, "రేపు ఇంటికి రారా. వదిన ఎదురుచూస్తూ ఉంటుంది" అన్నాడు. సుద్ద సంచీ భుజాన వేసుకుని గేటు వైపు నడిచాడు.

వెళ్ళాడట. నాకు సోమవారం చెప్పాడు. వదిన ఏడ్చిందట, వడ్డిస్తూనే ఏడ్చిందట. అన్న పిల్లలు పెద్దవాళ్ళయిపోయారు, బాబాయ్ బాబాయ్ అంటూ మర్యాదగా కుర్చీ వేశారట. ఒకప్పుడు భుజాలెక్కినవాళ్ళు కుర్చీ వేస్తే ఎలా ఉంటుందో అతను చెప్పలేదు, నేనడగలేదు. భోజనాలయ్యాక అన్నదమ్ములిద్దరూ అరుగు మీద కూర్చున్నారట. కొత్త బ్లేడుల వెడల్పు గురించి కాసేపు, మోకాళ్ళ నొప్పుల గురించి కాసేపు మాట్లాడుకున్నారట. ఆ తర్వాత ఇద్దరికీ మాటలు అయిపోయాయి. అన్న రేడియో పెట్టాడు. మూడింటికల్లా సుద్ద తన గదికి వచ్చేశాడు.

"కోపం పోయిందా?" అని అడిగాను.

"సగం. మిగతా సగానికి టైము పడుతుందండీ. మళ్ళీ వచ్చే ఆదివారం వెళ్తా."

గొంతు గీరుకుపోలేదు ఆ సోమవారం. అది నేను గమనించాను.

రంపం దగ్గర కొత్త మేస్త్రి చేరాడు. ముప్ఫై అయిదేళ్ళవాడు, చెయ్యి చురుకు, నోరు మంచిది. నా జాబితాలో ఆ రోజు తొమ్మిది గుమ్మాల దుంగలున్నాయి. సుద్ద మొదటి దుంగకి ఒంటిగీత, అడ్డగీత గీశాడు. ట్రాలీ ఎక్కించారు. కొత్త మేస్త్రి దుంగ మొహం వైపు తిరగనైనా తిరక్కుండా, అడ్డగీతని మాత్రం చూసి బ్లేడు సరిచేసుకుంటున్నాడు.

సుద్ద నలభై అడుగులూ నడిచి వెళ్ళాడు. "బాబూ, కోసే ముందు మొహం ఒకసారి చూసుకో. ఏ కాస్త అనుమానమొచ్చినా వెనక్కి పంపు. ఎన్నిసార్లయినా పంపు, నేనేమీ అనుకోను" అన్నాడు.

అతను మనస్ఫూర్తిగా నవ్వాడు. "భలేవాడివే బాబాయ్! నువ్వు గీత గీశాక ఇంక నేను చూసేదేముంటుంది?"

గౌరవంగానే అన్నాడు. నిజంగా గౌరవంగానే. సుద్ద ట్రాలీని ఆపమని చెయ్యి ఊపి, నా వైపు వచ్చాడు. కళ్ళు నిండి ఉన్నాయి. శనివారం రాని ఏడుపు ఇప్పుడొచ్చింది.

"జాబితా గారూ, ఇన్నాళ్ళూ ఒంటరివాణ్ణి అనుకున్నానండీ. నేను గీసిన ప్రతి దుంగనీ అన్నయ్య నా వెనకాలే చూస్తూ ఉన్నాడు. ఇవాళ్టినుంచి ఒంటరివాణ్ణి."

అతను కళ్ళు తుడుచుకుని, వెళ్ళి దుంగని ట్రాలీ మీంచి దింపించి, మొహం మొత్తం తడిపి, మళ్ళీ మొదట్నుంచి చూడ్డం మొదలుపెట్టాడు. ఒక్కో దుంగకీ అలాగే చేస్తే తొమ్మిదీ సాయంత్రానికి తెమలవు. రంపం ఖాళీగా తిరుగుతోంది. కొత్త మేస్త్రి నడుం మీద చేతులు పెట్టుకుని నా వైపు చూశాడు, నేను కేకలేస్తానని. ఒకప్పుడైతే వేసేవాణ్ణే. నేను కాగితం తీసి, కింద నుంచి నాలుగు వరసలు కొట్టేశాను.